సెంటరు స్పీకరులో పెద్దమనుషులు

నమోదు 1

హాలు సౌండు చూసుకునే మనిషి రోజూ ఏం చేసిందో రాసిపెట్టాలని రెండో గుమ్మటం కమిటీ నియమం. రాసింది ఎవరైనా చదవాలని మాత్రం నియమం లేదు. అందుకని నాకు కాస్త స్వేచ్ఛ ఉంది.

ధూళి కాలం మొదలైంది. బయట ఎర్రమట్టి లేచి సూర్యుణ్ణి మింగేసింది. ఇక మూడు నెలలు ఒక గుమ్మటం నుంచి ఇంకో గుమ్మటానికి మనుషులు కదలరు. కదలలేరు కాబట్టి మనవాళ్లు ఈ మూడు నెలల్లోనే పెళ్లిళ్లు పెట్టుకుంటారు. రాకపోకలు లేని కాలంలో లగ్గాలేమిటని చిన్నప్పుడు అడిగితే మా అమ్మ, "వచ్చినవాళ్లకి భోజనాలు పెట్టక్కర్లేదు కదే" అంది. ఇంతకంటే మంచి జవాబు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

బంధువులు రారు, వాళ్ల గొంతులు వస్తాయి. నేల కింద పాతిన తీగలో ఎనిమిది లైన్లున్నాయి. అవి బొమ్మను మోయలేవు, మాటను మాత్రం చక్కగా మోస్తాయి. ఏడు లైన్లు పెళ్లి హాలుకి. ఎనిమిదోది ఆపద లైను. ఎక్కడ ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఆ లైనులో పిలిస్తే కమిటీ ఆఫీసులో గంట మోగుతుంది.

ఈ రోజు హాలు దులిపాను. ముందు మధ్యలో సెంటరు స్పీకరు, దానికి ఎడమా కుడీ ఒక్కొక్కటి, పక్క గోడలకి రెండు, వెనక మూలల్లో రెండు. మూలన నేల మీద సబ్‌వూఫరు. హాలు మధ్యలో ఒక కుర్చీ వేసి, చెవులుండే ఎత్తులో మైకు పెట్టి, ఒక్కో స్పీకరు లోంచి బుస్సుమనే చప్పుడు వదిలి కొలిచాను. దగ్గరున్న స్పీకరుని కాస్త ఆలస్యం చేయాలి, దూరమున్నదాన్ని ముందు పంపాలి. అప్పుడే అన్నీ కలిసి ఆ కుర్చీని చేరతాయి. లేకపోతే ముందు చేరిన మాటదే రాజ్యం. మెదడు అటే తలూపి మిగతావాటిని పట్టించుకోదు.

సూత్రం చిన్నదే. ఎడమ నుంచి వచ్చిన మాట ఎడమ చెవికి రవ్వంత ముందు చేరుతుంది. కుడి చెవికి తల అడ్డం కాబట్టి కాస్త ఆలస్యంగా, కాస్త నీరసంగా చేరుతుంది. ఆ తేడా పట్టుకుని మనిషి 'అటువైపు' అనేస్తాడు. నలుగురు నాలుగు వైపుల నుంచి ఒక్కసారి మాట్లాడినా కావలసినవాడి మాట ఏరుకోగలిగేది ఈ తేడా వల్లే. ఇంత చక్కటి ఏర్పాటు ఉన్నది, ఎవరు ఎక్కడున్నారో తెలియడానికి. మా వాళ్లు దాన్ని ఎవరు ఎంత గొప్పో చెప్పడానికి వాడుతున్నారు.

నమోదు 2

పెళ్లి ఎవరిదో రాయలేదు. మా బాబాయి భుజంగరావు కొడుకు మిత్రవర్ధన్‌ది. బాబాయే కమిటీ అధ్యక్షుడు కూడా. పెళ్లికూతురు సౌగంధి మొదటి గుమ్మటంలో ఉంటుంది. తాళి మిత్ర ఇక్కడ కలశానికి కడతాడు, అదే క్షణంలో అక్కడ పిల్ల మెడలో వాళ్లమ్మ కడుతుంది. దుమ్ము తగ్గాక పిల్ల కాపురానికి వస్తుంది.

పిలుపులు వెళ్లాయి. పిలుపు చివర ఎవరికి ఏ స్పీకరో చెప్పడం మర్యాద. "తమకు ముందు కుడి" అంటే తాంబూలంలో రెండు పళ్లు ఎక్కువ వేసినట్టు. పక్క గోడలంటే పరవాలేదు. వెనక మూలలు పనుల మీద ఉన్నవాళ్లకీ, పిలవకపోతే బాగోదని పిలిచినవాళ్లకీ.

మా రత్నం పిన్నికి వెనక కుడి మూల ఇచ్చారు.

పిన్ని మంచుబావి దగ్గర ఉంటుంది. నేల అడుగు నుంచి మంచు తవ్వి, కరిగించి, గొట్టంలో మాకు నీళ్లు పంపే చోటు అది. ధూళి కాలమంతా ఒక మనిషి అక్కడ ఒంటరిగా కాపలా ఉండాలి. వంతులవారీగా ఉండాలని నియమం. వంతు వచ్చినప్పుడల్లా అందరికీ నడుం నొప్పి వస్తుంది, పిన్నికి రాదు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఈ గుమ్మటంలో పెళ్లికి కాళ్లు కడిగే నీళ్లు, పానకం నీళ్లు, పెద్దమనుషులు పుక్కిలించి ఉమ్మే నీళ్లు అన్నీ ఆవిడ పంపినవే. అందుకే కాబోలు, వెనక మూల.

నమోదు 3

గొడవ మొదలైంది. సెంటరు స్పీకరు ఎవరిది?

పెళ్లికూతురి తాత వేదాద్రి గారు మొదటి గుమ్మటం నుంచి లైనులోకి వచ్చి, "అమ్మాయ్, ఆడపిల్లవారమని చులకనా? నేను మాట్లాడితే ఎదురుగా వినపడాలి. పక్కనించి ఎవడో పొరుగువాడు పిలిచినట్టు వినపడితే ఏం మర్యాద?" అన్నారు.

ఆయన పెట్టేసిన మరుక్షణం మా మేనత్త దమయంతమ్మ మూడో గుమ్మటం నుంచి వచ్చింది. బాబాయికి అక్క. "సెంటరు ఆ ముసలాయనకి ఇస్తున్నారటగా? మగపెళ్లివారి ఆడపడుచుని, నన్ను గోడకి అంటిస్తారా? అలాగైతే నేను నోరు తెరవను. పెళ్లి ఎలా జరుగుతుందో చూస్తాను."

అత్తయ్య నోరు తెరవకపోతే పెళ్లి చాలా బాగా జరుగుతుంది. ఆ మాట పైకి అనలేక ఒక ఉపాయం చెప్పాను. ఒకే గొంతుని ముందు ఎడమ, ముందు కుడి రెండింటిలోంచీ సమంగా వదిలితే, మధ్య కుర్చీలో ఉన్నవాడికి ఆ గొంతు సరిగ్గా ఎదురుగా, మధ్యలోంచి వస్తున్నట్టే వినపడుతుంది. రెండు చెవులకీ ఒకేసారి, ఒకే జోరుతో చేరుతుంది కాబట్టి మెదడు మోసపోతుంది. పాతకాలంలో రెండే స్పీకర్లున్న ఇళ్లలో పాడేవాళ్లు గోడ మధ్యలోంచి పాడినట్టు ఉండేది ఇందుకే.

"రెండు స్పీకర్లా నాకు?" అని అత్తయ్య పొంగిపోయింది. కాసేపటికి మళ్లీ లైను మోగింది. "అయితే మధ్యలో నేనుండే చోట ఏ స్పీకరూ లేదన్నమాట?"

"లేదత్తయ్యా, అదే దాని గొప్ప."

"లేని పెట్టెలో కూర్చోబెడతావుటే నన్ను? బతికుండగానే?" అని ఏడుపు.

కాలికి వేస్తే వేలికి, వేలికి వేస్తే కాలికి. టేపు చుట్టేసి ఇంటికి వచ్చేశాను.

నమోదు 4

వేదాద్రి గారి అల్లుడు జలంధర్ గారికి ఎవరో చెప్పారట, హాల్లో అన్నిటికంటే పెద్ద పెట్టె సబ్‌వూఫరని. ఆయనకి అదే కావాలి.

దాన్ని ఎక్కడ పెట్టినా ఒకటే, ఎందుకంటే అంత లోతు చప్పుడు ఎటు నుంచి వస్తోందో మనిషి చెవి పోల్చుకోలేదు, డోలు దెబ్బలోని బరువుకి తప్ప మాటకి అది పనికిరాదు అని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం. "పెద్దది కదమ్మా, అది చాలు" అన్నారు. ఆయన గొంతు చూస్తే ఈల అంత సన్నం. సరే అని అందులోనే వేశాను. పరీక్షకి ఆయన ఆశీర్వచనం మొత్తం చదివారు. హాల్లో ఒక్క ముక్క పలకలేదు. మధ్యలో ఒకసారి దగ్గినప్పుడు మాత్రం 'హుమ్' అని నేల అదిరింది. "ఎలా ఉంది?" అని అడిగారు. గంభీరంగా ఉందన్నాను. ఆయన చాలా తృప్తి పడ్డారు. ఈ పెళ్లిలో నేను సంతోషపెట్టగలిగిన బంధువు ఆయనొక్కడే.

మధ్యాహ్నం వెనక మూల పరీక్ష. పిన్ని గొంతు వినగానే ప్రాణం లేచి వచ్చింది.

"ఏమే వకుళా, బుస్సు బుస్సు అనిపిస్తున్నావు, పాముల్ని పెంచుతున్నావా అక్కడ?"

"నీకు హారతి పాట ఇచ్చారు పిన్నీ, చివర్లో. వెనక కుడి మూలలోంచి పాడాలి."

"మూలయితే మూలే. పాటకి ముందేంటి, వెనకేంటి. నేను పాడితే దీపం ఆరకుండా ఉంటే చాలు." నవ్వింది. నవ్వు మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. "ఇక్కడ గదికి గాలి తోసే మర దగ్గుతోందే. ఫిల్టరులో దుమ్ము పట్టేసింది. రెండుసార్లు దులిపాను. కొత్తది కావాలి. మీ బాబాయితో చెప్పి పంపించు."

సాయంత్రం బాబాయికి చెప్పాను. ఆయన శుభలేఖల పళ్లెం ముందు కూర్చుని ఉన్నారు.

"పంపుదాం. కానీ ఇసుక బండి తోలేది ఎవడు? ఈ దుమ్ములో తోలగలిగింది మిత్ర ఒక్కడే. వాణ్ణి పొద్దునే పెళ్లికొడుకుని చేశాం. పెళ్లికొడుకు గడప దాటకూడదు."

"గుమ్మటం తలుపు గడపేంటి బాబాయ్?"

"బయటికి వెళ్లే ప్రతిదీ గడపే. మూడ్రోజులు ఓపిక పట్టమను. రత్నానికి ఓపిక ఎక్కువే."

ఈ గ్రహానికి వచ్చేటప్పుడు మా ముత్తాతలు సామాన్లు తగ్గించుకోవలసి వచ్చిందట. పుస్తకాలు వదిలేశారు, వాయిద్యాలు వదిలేశారు. గడపను మాత్రం మోసుకొచ్చారు.

నమోదు 5

కమిటీ కూర్చుని సమస్య తీర్చేసింది. పెద్దలందరూ సెంటరులోనే. వేదాద్రి గారు, అత్తయ్య, ఇంకా మేనమామలు, వియ్యంకులు, వాళ్ల తోడల్లుళ్లు, చివరికి జలంధర్ గారు కూడా. సబ్‌వూఫరు గొప్పతనం ఒక్కరోజులోనే తగ్గిపోయింది.

"అందర్నీ ఒకే పెట్టెలో వేస్తే ఎవరి మాటా వినపడదు బాబాయ్" అన్నాను. "చుట్టూ ఉంటేనే చెవి విడదీసుకుంటుంది. ఒకచోట పోస్తే జావ అవుతుంది."

"వినపడటం కాదే ముఖ్యం. ఎక్కడి నుంచి వినపడుతోందన్నది ముఖ్యం."

"వినపడని మాట ఎక్కడి నుంచి వస్తే ఏంటి?"

"నీకు యంత్రాలు తెలుసు, మనుషులు తెలీదు" అన్నారు బాబాయి. ఇది నిజమే. మనుషులు తెలిస్తే ఈ ఉద్యోగానికి ఒప్పుకునేదాన్ని కాదు.

అయిపోలేదు. ఇదివరకు ఒక గుమ్మటం వాళ్లంతా ఒకే లైనులో సర్దుకునేవాళ్లు. ఇప్పుడు వేదాద్రి గారి లైనులో వాళ్ల వియ్యంకుడు మాట్లాడకూడదట, ఆయన లైనులో ఇంకొకరు దగ్గకూడదట. ఒక్కొక్కరికి ఒక్కో లైను కావాలి. పిల్లకి ఒకటి పోగా, మంచుబావికి ఒకటి పోగా, చివరికి ఒకటి తగ్గింది. బాబాయి ఆపద లైను తీసుకోమన్నారు.

"పిన్ని గాలి మర పాడయిందని నిన్ననే చెప్పాను కదా. ఆ లైను లేకపోతే ఆవిడ ఎవర్ని పిలవాలి?"

"అదేంటే, రత్నాన్ని పెళ్లికి పిలిచాం కదా? లైనులోనే ఉంటుంది. ఏదైనా ఉంటే పెళ్లిలోనే చెబుతుంది. ముహూర్తం దాటగానే నీ లైను నీకిచ్చేస్తా." తర్వాత గొంతు తగ్గించి, "ఆ వెనక స్పీకర్ల జోరు కూడా కాస్త తగ్గించు. వేదాద్రి గారు అడిగారు. పెద్దలు మాట్లాడేటప్పుడు వెనకనించి గొణుగుడు ఉండకూడదట" అన్నారు.

తగ్గించనన్నాను. అయితే మీటల పెట్టె తాళంచెవి ఇమ్మన్నారు. ఇచ్చాను. వెనక స్పీకర్ల జోరు ఆయనే స్వయంగా తగ్గించి, తాళంచెవి తిరిగిచ్చి, ఎంతో పని చేసినట్టు చేతులు దులుపుకున్నారు.

ఆ పెట్టెల్లో ఒకటి మా పిన్ని నోరని ఈ మనిషికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. కోపంతో ఏడుపొచ్చింది. పెళ్లి హాల్లో ఏడిస్తే అపశకునం అంటారని, పెళ్లి సామాను గదిలోకి వెళ్లి ఏడ్చాను.

నమోదు 6

పెళ్లి ఈ రోజే. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు నిండింది. మధ్య కుర్చీలో బాబాయి. వేదిక మీద మిత్ర, బాసికం కట్టుకుని కలశం ముందు. నా బల్ల వెనక గోడ దగ్గర, కుడి మూల స్పీకరు పక్కనే. మైకుల మీటలన్నీ నా ముందు.

మంత్రాలు మొదలవగానే సెంటరు స్పీకరు తిరగలిలా మొదలైంది. వేదాద్రి గారు ఆశీర్వదిస్తున్నారు, అత్తయ్య పసుపు కొమ్ముల గురించి అరుస్తోంది, మేనమామ ఎవరో "నా గొంతు వస్తోందా? నా గొంతు వస్తోందా?" అంటున్నాడు. అందరి మాటా ఒకే చోట నుంచి, ఒకదాని మీద ఒకటి. పంతులు గారు వాళ్లు ఏమంటున్నారో తెలియక అన్నిటికీ "తథాస్తు" అంటున్నారు. ముందు ఎడమ స్పీకరులో పెళ్లికూతురు ఒక్కతే ఉంది. ఆ పిల్లకి సెంటరు కావాలని ఎవరూ అడగలేదు.

అప్పుడు నా చెవి పక్కన పిన్ని గొంతు వినపడింది.

"వకుళా. మర ఆగిపోయిందే. సీసా గాలి పెట్టుకున్నాను. గది ఒత్తిడి దిగిపోతోంది."

నాకూ స్పీకరుకీ మధ్య జానెడు దూరం కాబట్టి నాకు వినపడింది. హాల్లో ఇంకెవరికీ వినపడలేదు. మైకు అందుకుని "పిన్నీ, విన్నాను, వస్తున్నాం" అన్నాను. నా మాట ఆ జావలో కలిసి ఆవిడకి చేరినట్టు లేదు. "ఎవరైనా వింటున్నారా?" అని మళ్లీ అడిగింది.

బాబాయి దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల తిప్పకుండానే చెయ్యి ఎత్తారు. "తాళి కట్టనీ."

"అక్కడ పిన్ని చచ్చిపోతోంది బాబాయ్."

"శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఏం మాటలే అవి! కూర్చో. తాళి కట్టనీ."

వెనక్కి వచ్చాను. సెంటరు మీట కిందికి లాగేశాను.

పెద్దలందరూ ఒక్కసారి మాయమయ్యారు. వేదాద్రి గారు 'దీర్ఘ' అన్న చోట ఆగారు. వెనక కుడి మూల జోరు చివరిదాకా పెంచాను. హాలంతా ఒకే గొంతు. తనని ఎవరూ వినడం లేదనుకున్న మనిషి గొంతు అది. నిదానంగా, తడబడుతూ, ఎవరికో పని అప్పగిస్తున్నట్టు ఉంది.

"ఎవరైనా తర్వాత వింటే వినండి. పెద్ద ట్యాంకు నింపి పెట్టాను. మీకు వారం వస్తుంది. ఎడమ కుళాయి తిప్పకండి, గొట్టం గడ్డకట్టింది, పగులుతుంది. కుడిది తిప్పండి. హారతి పాట... వకుళకి వచ్చు. దాన్ని పాడమనండి."

మధ్య కుర్చీలో బాబాయితో సహా అందరూ వెనక్కి తిరిగారు. ఏదో పిలవకపోతే బాగోదని పిలిచిన మనిషి మాట వినడానికి హాలంతా మెడలు తిప్పింది. వాళ్ల మొహాల్లో సిగ్గు ఉందేమో అని చూశాను. కొందరి మొహాల్లో ఉంది. కొందరు స్పీకరు పాడయిందేమో అన్నట్టు చూస్తున్నారు.

మిత్ర లేచాడు. బాసికం విప్పి పీట మీద పెట్టాడు.

"ఒరేయ్, గడప!" అన్నారు బాబాయి.

మిత్ర ముందు ఎడమ స్పీకరు వైపు తిరిగి ఒక్క క్షణం ఆగాడు. వాడు నోరు తెరిచేలోగా సౌగంధి గొంతు వచ్చింది. "నాక్కూడా వినపడింది. ముహూర్తం మళ్లీ వస్తుంది. మీరు వెళ్లండి." ఈ రెండు కుటుంబాల్లో పనికొచ్చే మాట ఒక్కటైనా అన్నది ఆ పిల్లే. వాడు పట్టు పంచెతోనే బండి వైపు పరుగెత్తాడు. తలుపు దాటేటప్పుడు గడప వాణ్ణి ఏమీ చేయలేదు.

నేను మైకులో పిన్నితో మాట్లాడుతూనే ఉన్నాను. "బండి బయలుదేరింది పిన్నీ. సీసా గాలి నెమ్మదిగా పీల్చు." మొదట జవాబు వచ్చింది. తర్వాత ఊపిరి చప్పుడు ఒక్కటే వచ్చింది. ఆ ఊపిరి హాలంతా వినపడుతుంటే ఎవరూ భోజనాలకి లేవలేదు. ఇంతలో టక్కుమని ఏదో తెగిన చప్పుడు, పిన్ని కేక, ఆపైన ఏమీ లేదు.

చాలాసేపటికి మిత్ర గొంతు వచ్చింది. "అక్కా, బతికే ఉంది. తీసుకొస్తున్నా."

నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఈసారి సామాను గదిలోకి వెళ్లలేదు.

నమోదు 7

పిన్నికి గండం గడిచింది. గది ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయినప్పుడు ఎడమ కర్ణభేరి చిరిగింది, లోపలి నరం కూడా పోయింది. ఆ చెవి ఇక పనిచేయదని డాక్టరు చెప్పింది. ఎంత సన్నటి శ్రుతి తేడా అయినా పట్టేసే చెవి. తప్పు పాడితే వంటింట్లోంచి గరిటెతో వచ్చి సరిచేసిన చెవి. నాకు పట్టరాని కోపంగా ఉంది.

కమిటీ విచారణ జరిపింది. గాలి మర మీద కాదు. పెద్దల నోరు నొక్కినందుకు నా మీద.

"దీర్ఘాయుష్మాన్ భవ అని పూర్తిగా అననివ్వకుండా కోసేసింది" అన్నారు వేదాద్రి గారు లైనులో. "దీర్ఘ దగ్గర ఆగిపోయింది ఆశీర్వచనం. దాని ఫలితం ఎవరిది?"

"నాదే" అన్నాను. "పిన్నికి ఆ సగమే పనిచేసినట్టుంది, ప్రాణం దక్కింది."

నన్ను తీసేద్దామనుకున్నారు. ఇంకో ముహూర్తం దగ్గర్లోనే ఉంది, స్పీకర్లు కొలవడం ఇంకెవరికీ రాదు. అందుకని క్షమించామన్నారు.

నమోదు 8

కొత్త ముహూర్తానికి స్పీకర్లు పంచాలి. సెంటరుకి ఒక్కరంటే ఒక్కరు కూడా అడగలేదు. అందరికీ వెనక కుడి మూల కావాలి. "అందులోంచి మాట్లాడితే హాలంతా తిరిగి చూస్తుందటగా?" అని అత్తయ్య కబురు. వేదాద్రి గారు, ఆడపిల్లవారికి ఆ మూల ఇవ్వకపోతే పెళ్లే వద్దన్నారు. జలంధర్ గారు మాత్రం మళ్లీ సబ్‌వూఫరు చాలన్నారు. మనిషి ఎదుగుతున్నాడు.

పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వ్యవహారం. నేను ఎవరి మాటా వినకుండా ఒక్కొక్కరిని ఒక్కో వైపు పడేశాను. ఆపద లైను ముట్టుకోనివ్వలేదు. ఈసారి బాబాయి తాళంచెవి అడగలేదు.

నమోదు 9

తాళి కట్టాడు. సౌగంధి నవ్వు ముందు ఎడమ నుంచి వినపడింది, మిత్ర అటే చూసి నవ్వాడు. అంతవరకు బాగుంది.

తర్వాత సన్మానం. పిన్నిని తెచ్చి మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. చెవికి ఇంకా కట్టు ఉంది. చుట్టూ ఉన్న స్పీకర్లలోంచి పొగడ్తలు మొదలయ్యాయి. త్యాగమూర్తి అన్నారు, గంగమ్మ తల్లి అన్నారు. అత్తయ్య ఆపుకోలేక అడిగింది. "రత్నం, నేను ఏ పక్కనించి మాట్లాడుతున్నానో చెప్పు చూద్దాం?"

పిన్ని తల అటూ ఇటూ తిప్పింది.

"ఏమో వదినా. మీరు, ఆ తాతగారు, అందరూ ఈ కుడి చెవి దగ్గరే నించుని మాట్లాడుతున్నట్టుంది. నాకిప్పుడు ముందూ వెనకా తెలీట్లేదు. ఏమీ అనుకోకండి."

పాపం, క్షమించమన్నట్టు చెప్పింది. పుట్టినప్పటి నుంచి ఎవరు ముందో ఎవరు వెనకో లెక్క చూసుకున్న మనుషుల్ని ఒక్క మాటతో వరుస చెరిపేసి ఒకే చోట నిలబెట్టానని ఆవిడకి తెలియదు. వాళ్లకీ తెలిసినట్టు లేదు. "అయితే ముందు ఎవరి గొంతు వినపడింది?" అని వేదాద్రి గారు అడిగారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మైకు అందుకున్నాను. నా మాట అన్ని గుమ్మటాలకీ వెళ్లేలా మీటలన్నీ పైకి తోశాను.

"పెద్దలందరూ లైనులోనే ఉన్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. గాలి మర బాగుచేశాం. మంచుబావి దగ్గర ఇప్పుడెవరూ లేరు. ట్యాంకులో నీళ్లు రెండు రోజులకే. పిన్ని ఇక వెళ్లదు. రేపు మిత్ర బండి తీస్తాడు. వంతు ఎవరు తీసుకుంటారు?"

సెంటరు పలకలేదు. ఎడమ, కుడి, పక్క గోడలు, వెనక మూలలు ఏవీ పలకలేదు. మధ్య కుర్చీ పక్కన నిలబడ్డ బాబాయి పైకప్పు వైపు చూస్తున్నారు. నేను మీటలన్నీ చివరిదాకా పెంచాను. ఎక్కడా చిన్న దగ్గు కూడా లేదు.

పిన్ని కంగారుగా చెయ్యి కుడి చెవి మీద పెట్టుకుంది. నా వైపు తిరిగింది.

"వకుళా, ఇదేంటే? ఈ చెవి కూడా పోయిందా?"

"లేదు పిన్నీ" అన్నాను. "చెవి బాగానే ఉంది."